ఛాయాపటములోని కాలము



ఖమ్మము, భద్రాచలము ప్రాంతపు పల్లెలలో ఏ యింట అడుగుపెట్టినను గోడకు రెండు విధములైన పటములు కనబడును. ఒకటి దేవుని పటము. సాధారణముగా అది భద్రాద్రి రామునిదే. రెండవది గతించిన పెద్దల పటము. దానికొక దండ, ముందొక దీపము. దేవుని పటమునకు కాలముతో పని లేదు. అది నిన్న యెట్లుండెనో నేడును అట్లే యున్నది, రేపును అట్లే యుండును. పెద్దల పటము సంగతి వేరు. ఒక మనిషి జీవితములో ఒకానొక దినమున, రెప్పపాటు కాలము మాత్రమే నిజమై, మరుక్షణముననే గతమైపోయిన రూపమది. నలువదవ యేట పోయిన తండ్రి పటము క్రింద డెబ్బదియేండ్ల కొడుకు కూర్చుండి అన్నము తినుచుండును. కొడుకు తల ముగ్గుబుట్టయైనది. తండ్రి మీసము నల్లగానే యున్నది. ఈ వింత మన పూర్వులకు తెలియదు. వారి కాలమున తండ్రి కొడుకు జ్ఞాపకములో నుండి కొడుకుతో పాటే ముదిసెడివాడు.

నేడు నేను చెప్పదలచినది కెమేరా నుపయోగించు విధానమును గూర్చి కాదు. ఛాయాపటము మన కాలజ్ఞానము నెట్లు మార్చినదో, ఆ మార్పు అడవి యంచు పల్లెలలో ఇల్లు దాటి, గోడ దాటి, భూమి హక్కు దాక ఎట్లు వచ్చినదో చెప్పదలచితిని. ఫొటో అబద్ధమాడదని జనము అనుచుందురు. ఆడకపోవచ్చును. కాని అది ఒక్క క్షణము మాత్రమే కన్ను తెరచిన సాక్షి. అట్టి సాక్షిని పిలిచి తరతరముల సంగతి నడిగినయెడల ఏమగునో విచారింతము.

ముందు ఈ విద్య పుట్టుకను గూర్చి కొంచెము వినుడు. ఫ్రాన్సు దేశమున నియెప్సు అనునాతడు 1826, 1827 ప్రాంతమున తన యింటి మేడ కిటికీ నుండి కనబడు గోడలను, కప్పులను ఒక లోహపు పలకపై నిలిపెను. ఆ పలక గంటల తరబడి వెలుతురునకు ఎదురుగా నుండవలసి వచ్చెను. అందువలన ఉదయపుటెండయు సాయంకాలపుటెండయు ఆ గోడలపై ఒక్కసారే పడినట్లు కనబడును. పగలంతయు ఒక పటములో ముద్దయైనది. తరువాత దగ్గెరు అనునాతడు 1838లో పారిసు నగరమున ఒక రాజవీథిని పటము పట్టెను. బండ్లతో, గుఱ్ఱములతో, జనముతో కిటకిటలాడు వీథి యది. పటములో చూచితిమా, నిర్మానుష్యము! పలకపై రూపము నిలుచుటకు కొన్ని నిమిషములు పట్టెడిది. నడచిపోవువారు ఒక్కచోట నిలువలేదు గనుక వారి రూపము పలకకు అంటలేదు. ఒక మూల ఒక పెద్దమనిషి కాలు చాచి జోళ్ళకు మెరుగు పెట్టించుకొనుచు నిలిచియుండెను; ఆయన మాత్రము పటమున మిగిలెను. కదలిన వారందరు మాయమైరి, కదలని వాడు మిగిలెను. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. దీనితో మనకు ముందు పని యున్నది.

పోను పోను పలకలు చురుకైనవి. 1878లో అమెరికాలో మైబ్రిడ్జి అనునాతడు పరుగెత్తు గుఱ్ఱమును వరుసగా పెట్టిన కెమేరాలతో పట్టి, దాని నాలుగు కాళ్ళును ఒక క్షణమున నేలను విడుచునని చూపెను. అంతకుముందు చిత్రకారులు పరుగెత్తు గుఱ్ఱమును ముందుకాళ్ళు ముందుకును, వెనుకకాళ్ళు వెనుకకును చాచినట్లు వ్రాసెడివారు. కాళ్ళు నేలను విడుచునప్పుడవి కడుపు క్రిందికి ముడుచుకొనియుండునని ఏ కంటికిని తెలియదు. మనిషి చూపునకు అందని కాలపు ముక్క యొకటి అప్పుడు దొరకినది. మొదటి పటములలో కాలము ఎక్కువై కదిలినది పోయెను. తరువాతి పటములలో కాలము తక్కువై కదలికయే పోయెను. ఎట్లు చూచినను మనము బ్రదుకుచున్న కాలము మాత్రము పటమునకు చిక్కలేదు.

ఇంటి సంగతికి వత్తము. పటము జ్ఞాపకమునకు ఊతయని యందరు తలతురు. కొంతవరకు నిజమే. కాని ఒక పటమును పదేపదే చూచినకొలది, ఆ దినమున జరిగిన తక్కిన సంగతులు మెల్లగా తొలగిపోయి పటములోని ముక్కయే మిగులును. చిన్ననాటి తీర్థమును గూర్చి అడిగినచో, పిల్లవాడు తాను చూచినది చెప్పుచున్నాడో, పటములో చూచినది చెప్పుచున్నాడో వానికే తెలియదు. పటము లేని దినములు క్రమముగా జరుగని దినములవలె నగుచున్నవి. ముత్తాతకు పటము లేకున్న మనుమనికి ఆ ముత్తాత ఒక పేరు మాత్రమే.

పెండ్లిండ్లలో చూడుడు. పురోహితుడు గడియారము చూచుచుండును, ఫొటో తీయువాడు వెలుతురు చూచుచుండును. మంగళసూత్రము కట్టబోవు తరి “కొంచెం ఆగండి, ఇటు చూడండి” అని వాడనగానే పెండ్లికొడుకు చేయి గాలిలో ఆగిపోవును. లగ్నమును పెట్టువారు వేరు, నిలుపగలవాడు వీడొక్కడే! భద్రాచలమున శ్రీరామనవమి కల్యాణము అభిజిల్లగ్నమున జరుగును. జీలకఱ్ఱ బెల్లము పెట్టు ఆ క్షణమున చేతులు జోడింపవలసిన వారిలో పలువురు నేడు సెల్‌ఫోనులను పైకెత్తుచున్నారు. తరువాత చూచుకొందమను నాశతో ఇప్పుడు చూచుట మానుకొనుచున్నారు. ఇది నేటి కుఱ్ఱవాండ్ర తప్పని మాత్రము నేననను. ఎత్తిన చేతులలో నెరసిన తలల చేతులును లేకపోలేదు.

ఇక ఊరికి ఊరికి నడుమ ఈ పటములు తెచ్చిన వ్యత్యాసము వినదగినది. హైదరాబాదు నగరమున లాలా దీన్ దయాళ్ అను ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు ఆరవ నిజాము మహబూబు అలీ ఖాను ఆస్థానమున నుండి, రాజా బిరుదమునంది, 1905లో దివంగతుడయ్యెను. ఆ కాలపు దర్బారులు, భవనములు, నవాబులు, వేటలు ఆయన పటములలో నేటికిని కన్నులకు కట్టినట్లున్నవి. అదే కాలమున గోదావరి యొడ్డున పాపికొండలలో కాపురమున్న కొండరెడ్ల గూడెములకు అట్టి పటములు లేవు. ఆనాడు నదికి ఈవల నైజాము రాజ్యము, ఆవల మద్రాసు రాజధాని. భద్రాచలము ఆవలి యొడ్డున నుండెను. ఆస్ట్రియా దేశీయుడగు ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు, రెండవ ప్రపంచయుద్ధము వచ్చుటచే నైజాము రాజ్యమున నిలిచిపోయి, మొదట చెంచులను, పిమ్మట 1941లో ఈ కొండరెడ్లను దర్శించి, వారి యిండ్లను, చేలను, ముఖములను పటములు తీసెను. ఇంగ్లీషువారు పాపికొండలకు బైసన్ కొండలని పేరు పెట్టిరి. ఆ పేరుతోనే ఆయన గ్రంథము 1945లో వెలువడెను. ఆయన తీసిన వేలకొలది పటములు నేడు లండను నగరములోని ప్రాచ్య, ఆఫ్రికా విద్యల కళాశాలయందు భద్రముగా నున్నవి.

ఆ గ్రంథమునందలి ముఖ్యవిషయము మార్పు. మైదానపు వర్తకులు, కలప వ్యాపారులు, వెదురు కూలి, అప్పులు వచ్చి కొండరెడ్ల బ్రదుకు నెట్లు త్రిప్పివేయుచున్నవో ఆయన వ్రాసెను. కాని పటములకు ఆ మాట చెప్పుట చేతకాదు. చదువక బొమ్మలు మాత్రము చూచు వానికి, కొండరెడ్లు అనాదిగా అట్లే యుండిరనియు, నేటికిని అట్లే యుందురనియు తోచును. గ్రంథకర్త చెప్పినది మార్పు, పటము చూపునది నిలుకడ. నగరము వారికి 1890నాటి ముఖములున్నవి గనుక వారికి చరిత్ర యున్నదనియు, గూడెము వారికి 1941నాటివే యున్నవి గనుక వారి చరిత్ర అప్పుడు మొదలైనదనియు అనుకొనుట ఎంత పొరపాటు! కెమేరా వచ్చిన సంవత్సరమును మనిషి వచ్చిన సంవత్సరముగా లెక్కించుట యది.

ఇచ్చట కోయవారి యొక ఆచారము తలపునకు వచ్చుచున్నది. కోయలలో డోలివారు అనబడువారు ఇంటిపేర్ల, గోత్రముల చరిత్రములను గానము చేయుదురు. వారియొద్ద పడిగె అను పొడవైన చిత్రపు గుడ్డ యుండును. అందు వంశపు దేవతలు, మూలపురుషులు, వారి యాత్రలు వరుసగా చిత్రింపబడియుండును. డోలు మ్రోగుచుండగా గాయకుడు ఆ బొమ్మలను చూపుచు కథను విప్పును. మణుగూరు ప్రాంతమునకు చెందిన సకిని రామచంద్రయ్యగారు కోయభాషలోను తెలుగులోను ఇట్టి గాథలను పాడి పేరు గాంచి, 2022లో పద్మశ్రీ పురస్కారము నందుకొనిరి, 2024లో పరమపదించిరి. పడిగెలో బొమ్మ యున్నది, కాని అది పాడువాని నోరు లేక ఏ యూరికిని పోదు. బొమ్మ నిలిచియుండును, పాట నడచుచుండును. రెండును కలిసినప్పుడే వంశకాలము తెలియును. ఫొటో అట్లు కాదు, అది నోరు లేకయే దేశములు తిరుగును. లండనులో నున్న గూడెము పటమునకు ప్రక్కన నిలిచి, ఈ చేను ఎవరిది, ఆ యేడు ఏమి పండినది, ఆ పిల్ల తరువాత ఏ యూరి కోడలైనది అని చెప్పువారెవరు?

ఇక నసలు విషయము. 2006లో మన దేశమున అటవీ హక్కుల చట్టము చేయబడినది. 2005 డిసెంబరు 13వ తేదీకి ముందునుండి అడవిభూమిని సాగుచేసికొనుచున్న గిరిజనులకు, కుటుంబమునకు నాలుగు హెక్టారులు, అనగా ఇంచుమించు పదియెకరములు మించకుండ, ఆ భూమిపై హక్కును గుర్తింపవలెనని చట్టము. గిరిజనులు కాని యితర సాంప్రదాయిక అటవీవాసులైనచో ఆ తేదీకి వెనుక మూడు తరములు, అనగా 75 సంవత్సరములు, అచ్చట నున్నట్లు చూపవలెను. చూపుట యెట్లు? కాగితములు లేవు. ఉండియుండినచో ఈ చట్టముతో పనియే లేకపోయెడిది. ఇచ్చటనే ఆకాశమునుండి తీసిన పటము రంగమున ప్రవేశించినది.

మన దేశము భూమిని పరిశీలించు ఉపగ్రహములను పంపుచున్నది. 2003 అక్టోబరులో పంపిన రిసోర్సుశాట్ అను ఉపగ్రహము 800 కిలోమీటరులకు పైబడిన యెత్తున తిరుగుచు, ఉదయము పదిన్నర గంటల ప్రాంతమున మన పైగా పోవుచు నేలను చిత్రించెడిది. అందలి యొక కెమేరాకు ఒక్కొక్క చుక్క నేలపై 23.5 మీటరుల చదరము. మన లెక్కలో ఇంచుమించు అయిదున్నర గుంటలు! అయిదున్నర గుంటల చేనంతయు ఒక్క రంగు చుక్కగా కనబడును. అందు సగము జొన్నయు సగము చెట్లును ఉన్నచో ఆ చుక్క రెండింటి కలయిక. దానికంటె సూక్ష్మముగా, ఆరు మీటరుల లోపు చూడగల కెమేరాయు దానిలో నుండెను. కాని వానకాలమున మేఘములు క్రమ్మినచో ఏ కెమేరాకైనను నేల కనబడదు. పైరు పచ్చగా నుండు శ్రావణ భాద్రపదములలోనే ఆకాశపు కన్ను మూసికొనియుండుట తఱచు. కన్ను తెరచునప్పటికి పంట యింటికి చేరియుండవచ్చును.

పోడు సేద్యము చేయు కొండవారి రీతి వినుడు. కొండవాలున చెట్టు చేమ నరికి ఎండబెట్టి, వేసవి చివర కాల్చి, తొలకరికి ఆ బూడిదలో జొన్న, సామ, కంది మున్నగునవి వేయుదురు. రెండు మూడు పంటలు తీసిన పిమ్మట నేల బలము తగ్గును. అప్పుడు దానిని విడిచి మరొక చోటికి పోదురు. విడిచిన చోట మోడులు చిగిర్చి, కొన్నియేండ్లకు మరల అడవి యగును. నేల మరల బలమునందిన తరువాత వెనుకకు వత్తురు. అది వదలివేసిన భూమి కాదు, పండుకొని విశ్రమించుచున్న భూమి. వారి చేను ఒక చోట నుండునది కాదు, ఒక కాలచక్రములో నుండునది. అట్టి చేనిని ఒక్క దినమున ఆకాశమునుండి చూచినచో ఏమి కనబడును? అడవియే. పారిసు వీథిలో కదలినవారు మాయమైనట్లే, ఇచ్చట చేను మార్చు సేద్యగాడును పటమునుండి మాయమగును. ఒకేచోట నాగలి పట్టి గట్లు వేసినవాడు, జోళ్ళకు మెరుగు పెట్టించుకొన్న పెద్దమనిషివలె, పటమున నిలుచును. ఈ ప్రాంతపు కోయలలో పెక్కుమంది చిరకాలమునుండి నాగలి సేద్యగాండ్రే. నేడు అడవిభూమిలోని ఏ సాగునైనను పోడనియే పిలుచుచున్నాము గాని, మాట యొకటైనను పటములో ఇరువురి గతియు ఒకటి కాదు.

ఈ మాటలవలన ఉపగ్రహ చిత్రములు పనికిరానివని యెవరును భావింపరాదు. 2005 తరువాత క్రొత్తగా చెట్లు కొట్టి, తాతలనాటి చేనని చెప్పుకొనువారును లేకపోలేదు. అట్టివారిని పట్టుటకు ఆ చిత్రములు మిక్కిలి యుపయోగకరములు. అడవి నిలువవలెనన్న అదియు కావలసినదే. అమెరికావారి ఉపగ్రహము 1972 నుండియు నేలను చిత్రించుచున్నది. ఒకే కొండవాలు చిత్రములను ఏడేడును వరుసపెట్టి చూచినయెడల, ఇచ్చట తెరపి, అచ్చట మోడు, మరల ఇచ్చట తెరపి అని పోడు చక్రము కొంతవరకు కనబడును కూడ. వరుసగా పేర్చినప్పుడు పటములు కాలమును కొంచెము పలుకును. ఆపద యెచ్చటనన, ఏదో యొక్క దినపు చిత్రమును బల్లపై పరచి, “ఇక్కడ చెట్లున్నవి, నీ చేను లేదు” అని తేల్చివేయుటలో నున్నది.

ఈ సంగతి నియమములు చేసినవారికి తెలియకపోలేదు. 2012లో సవరించిన నియమములలో, ఉపగ్రహ చిత్రము మొదలగు సాధనములు ఇతర సాక్ష్యములకు తోడుగా నుండవచ్చునే గాని వాటికి బదులుగా నుండరాదని స్పష్టముగా చెప్పబడినది. అయినను చిత్రమునకు ఉన్న బలము వేరు. 2019 ఫిబ్రవరి 13వ తేదీన సుప్రీముకోర్టు ఈ చట్టమును గూర్చిన వ్యాజ్యమున, దరఖాస్తులు తిరస్కరింపబడినవారిని తొలగించు విషయమై ఆజ్ఞనిచ్చుచు, ఆక్రమణలను ఉపగ్రహము ద్వారా పరిశీలించి తెలుపుమని అటవీ సర్వే సంస్థను ఆదేశించెను. తొలగింపు ఆజ్ఞ ఆ నెల 28వ తేదీననే నిలుపబడినది. ఆ పదునైదు దినములు అడవి పల్లెలలో ఎందరికి నిద్ర పట్టియుండునో ఊహించుకొనుడు.

నియమములలో చెప్పిన సాక్ష్యముల పట్టిక చూచినచో మీవంటి పెద్దలకు సంతోషము కలుగును. అందు ప్రభుత్వ కాగితములు, పటములు, ఉపగ్రహ చిత్రములు ఉన్నవి. ఇల్లు, గట్లు, చదును చేసిన నేల ఉన్నవి. బావులు, శ్మశానములు, దేవతల తావులు ఉన్నవి. వంశావళి యున్నది. వీటన్నిటితో సమానముగా, దరఖాస్తుదారులు కాని గ్రామవృద్ధుల వాఙ్మూలము, వ్రాతమూలకముగా, ఉన్నది. ఒకటికి మించిన ఆధారములను గ్రామసభ పరిశీలింపవలెనని కూడ నియమము. అనగా పటము ప్రక్కన పాడువాని నోటికి చోటు మిగిలియున్నది. అయితే గోదావరి క్రింది పల్లెలలో ఈ చోటును తగ్గుచున్నది. 2014లో ఆంధ్రప్రదేశమున చేర్చబడిన వేలేరుపాడు, కుకునూరు, కూనవరము మొదలగు మండలములలో పోలవరము జలాశయపు ముంపు క్రింద పెక్కు గూడెములున్నవి. బావి, శ్మశానము, దేవత తావు నీట మునిగిన పిమ్మట వాటిని చూపి చెప్పుట కుదరదు. మిగులునది పటము, దానిని చదువగల వృద్ధుడు.

వాఙ్మూలము వ్రాయించు పెద్దలు తఱచు “మా తాతలనాటినుండి సాగులో నున్నది” అని యొక్క వాక్యము చెప్పి వ్రేలిముద్ర వేయుచుందురు. అది నిజమైనను, అధికారి యెదుట దానికి తేదీ లేదు. పటమునకు తేదీ యున్నది. మాటకు తేదీ లేదు. అందువలననే మాట ఓడిపోవుచున్నది. సంవత్సరము అంకె జ్ఞాపకము లేకున్న భయపడనక్కరలేదు. ఈ ప్రాంతమునకు గోదావరియే పంచాంగము. 1953 వరద ముదుసలులకు జ్ఞాపకమున్నది. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద నీరు 75.6 అడుగులకు వచ్చిన వరదను మరచినవారు లేరు. ఏ వరదకు ముందు ఏ వాలున పోడు కొట్టితిమి, ఏ వరద తరువాత దానిని విడిచితిమి, మరల ఎప్పుడు వెనుకకు వచ్చితిమి, అప్పుడు ప్రక్క చేను ఎవరిది, ఏ విత్తు వేసితిమి అని వరుసగా చెప్పించి వ్రాయింపవలెను. మొదట చెప్పవలసినది విడిచిన సంవత్సరములు. పటములో అడవిగా కనబడునవి అవియే గనుక. 2005 డిసెంబరు తేదీని గూర్చి వేరుగా అడుగవలసివచ్చినప్పుడు దానికి దగ్గరి గుర్తు 2006 ఆగస్టు వరద. ఆ వరద వచ్చిన నాటికి ఆ చేనిలో నున్నది మొదటి పైరా, రెండవ పైరా, మూడవదా అని అడుగుడు. రెండవదైనచో మొదటి పైరు 2005 తొలకరిది.